రెండు థౌలు

ఆటోనగర్‌లో నా బోరింగ్ షాపు.
బల్ల మీద కరెంటు బిల్లులు ఎగిరిపోకుండా
ఒక పిస్టన్ కూర్చుని ఉంటుంది.
దాని పక్కన నిలువుగా నాలుగు గీతలు,
పిల్లి రక్కినట్టు.
ఎవరైనా దాన్ని చేతిలోకి తీసుకుంటే
నాకు లేత్ మీద చూపు నిలవదు.

జాన్‌సైదా మొదట నా దగ్గరికి వచ్చింది రేసు కోసం కాదు,
వాళ్ళ బాబాయి పాలబండికి స్లీవు వేయించడానికి.
నలభై లీటర్ల క్యాన్లు అటొకటి ఇటొకటి,
తాడేపల్లి నుంచి బ్యారేజీ దాటి
తెల్లారకముందే వన్‌టౌన్‌లో ఉండేవాడు.
పాలు కుదిలితే వెన్న తేలుతుంది,
వెన్న తేలితే హోటలువాళ్ళు తిప్పి పంపుతారు.
మలుపులో బండిని ఎంత వాల్చాలో, ఎప్పుడు లేపాలో
వాడికి ఆ క్యాన్లే చెప్పాయి.
నేను చెప్పానని కొందరంటారు. అబద్ధం.

మద్రాసు వెళ్ళినా కోయంబత్తూరు వెళ్ళినా
గుంటూరు యార్డు లారీయే మాకు దిక్కు.
మిర్చి టిక్కీల మీద బండిని పడుకోబెట్టి
దాని పక్కన మేం.
అక్కడ అందరి బండ్లూ వ్యాన్లలోంచి దిగేవి.
మాది దిగగానే ట్రాకంతా తుమ్మేది.

పెట్రోల్లో ఆముదం కలిపేవాణ్ణి.
ఆ పొగ తగిలితే
"మా అమ్మ తలంటినట్టుందన్నా" అని
హెల్మెట్ లోపల్నుంచి నవ్వేవాడు.
జెండా ఊగాక నవ్వు ఉండేది కాదు,
మోకాలు నేలని రాసుకునే చప్పుడొకటి
గోడ అవతల నాకు మాత్రమే వినపడేది.

నాలుగుసార్లు దేశానికి ఛాంపియన్.
ఊళ్ళో పేపర్లో ఒక్కసారి పడింది,
జాన్ సైదులు అని,
కుట్టుమిషన్ల పంపిణీ వార్త కింద.

ఐదోది.
ఆ రాత్రి కరెంటు పోయింది.
బయట లారీ హారన్ కొడుతోంది.
అద్దెకు తెచ్చిన జనరేటర్ గుడ్డివెలుగులో గేజి చూశాను.
రెండు థౌలు బిగువు.
వెంట్రుకంత కూడా కాదు.
సర్దుకుంటుందిలే అనుకున్నాను.
నలభై ఏళ్ళ పనిలో
ఆ మాట అనుకున్నది ఆ ఒక్కసారే.

ఎనిమిదో ల్యాపు, వెనక తిన్నటి రోడ్డు.
ఇంజను ఆగడం వేరు, పట్టెయ్యడం వేరు.
ఎడమచేతి రెండు వేళ్ళు ఎప్పుడూ క్లచ్ మీదే ఉంచేవాడు.
రెప్పపాటు ఆలస్యమైతే
వెనకచక్రం బిగుసుకుని మనిషిని విసిరేస్తుంది.
ఆ వేళ్ళు బతికించాయి.
నేను కాదు.
ఒకడు దాటాడు, ఇద్దరు, ఏడుగురు.
ఎండలో బండిని తోసుకుంటూ గీత దాకా వచ్చి
పిస్టన్ ఊడదీసి నా చేతిలో పెట్టాడు.
ఏం అడగలేదు.
ఆ తర్వాత వాణ్ణి టైర్ల కంపెనీ కూడా ఏం అడగలేదు.

ఇప్పుడు ఆర్టీఏ ఆఫీసు పక్క ఖాళీ జాగాలో
లైసెన్సు కోసం వచ్చినవాళ్ళకి
ఎనిమిది వెయ్యడం నేర్పుతాడు, కాలు కింద పెట్టకుండా.
మనిషికి మూడొందలు.
సాయంత్రం బెంజి సర్కిల్లో కూతురు వెనకనుంచి పొడుస్తుంది:
"నాన్నా, అందరూ మనల్ని దాటిపోతున్నారు."
"పోనీ తల్లీ,
వాళ్ళకి ఎక్కడ ఆగాలో తెలీదు."

పోయిన వానల్లో, రేకుల మీద మోత చూసుకుని
చెప్పేశాను. రెండు థౌలు.
టీ ఊదుకుంటూ విన్నాడు.
"తెలుసన్నా.
మొదటి ల్యాపులోనే దాని గొంతు బిగుసుకుంది."
"మరి ఆపలేదేం?"
"లారీ కిరాయి నువ్వు కట్టావుగా."

వాన తగ్గింది. స్కూటీ తీశాడు.
ఆ బండికి క్లచ్ లేదు,
ఎడమవైపున్నది వెనకబ్రేకే.
అయినా రెండు వేళ్ళు ముందుకు చాచి
దాని మీద ఆనించి
బురద తప్పించుకుంటూ
మెల్లగా
రోడ్డెక్కాడు.